నాన్న పేరు మీద ఒక కచేరీ

చెన్నైలో ఏటా డిసెంబరులో జరిగే కర్ణాటక సంగీత కచేరీలకు వెళ్లేవాళ్లకు వేదిక వెనక కట్టిన బ్యానర్ మీద "ఫలానా వారి జ్ఞాపకార్థం" అన్న వరుస బాగా అలవాటు. నాన్న పోయిన మరుసటేడు, అంటే 2023లో, ఒక కచేరీకి డబ్బిచ్చి ఆయన పేరూ అలా పెట్టించాలని నేనూ తమ్ముడూ అనుకున్నాం.

నాన్న నెల్లూరు నుంచి వచ్చి హార్బర్‌లో గుమాస్తాగా చేరారు. ట్రిప్లికేన్ అద్దె ఇళ్లలోనే ఆయన జీవితం గడిచిపోయింది. 1927లో మద్రాసు కాంగ్రెస్ మహాసభలతో పాటు జరిగిన సంగీత సదస్సు, దాన్నుంచి మరుసటేడు పుట్టిన మ్యూజిక్ అకాడమీ, ఆ కబుర్లన్నీ ఆయన నోట విన్నవే. కానీ ఆయన వెళ్లింది ఎక్కువగా మధ్యాహ్నం కచేరీలకే. సాయంత్రం పెద్ద విద్వాంసులకు టికెట్ ఉంటుంది, మధ్యాహ్నం కొత్తవాళ్లు పాడేటప్పుడు చాలా సభలు, అంటే కచేరీలు పెట్టే సంగీత సంఘాలు, ఊరికే రానిస్తాయి. అందుకే మేం ఇచ్చేదీ మధ్యాహ్నం కచేరీకే ఇవ్వాలనుకున్నాం.

నాన్న ఎప్పుడూ వెళ్లే మైలాపూర్ సభ కార్యదర్శి గారిది చిత్తూరు వైపు. "ఈ ఒక్క ఏడాదికా అమ్మా, ఏటేటానా?" అని అడిగారు. ఒక్క ఏడాదికైతే ఆ కచేరీ ఖర్చు భరిస్తే చాలు. ఏటా జరగాలంటే మూలధనం కట్టాలి, సభ దాన్ని డిపాజిట్ చేసి వడ్డీతో నడుపుతుంది. ఎండోమెంట్ అనేది దీన్నే. మేం మూడు లక్షలు అనుకున్నాం. 7 శాతం వడ్డీకి ఏడాదికి 21,000 వస్తుంది, వడ్డీ 5 శాతానికి పడితే 15,000. సంభావనలు, మైకు, శాలువాలు అన్నీ అందులోంచే. ఎప్పుడో పాతిక వేలు కట్టిన కుటుంబాల వడ్డీ ఇప్పుడు దేనికీ చాలడం లేదట. పేర్లు తీసెయ్యడానికి మనసొప్పక రెండు మూడు కలిపి ఒకే కచేరీ పెడుతున్నామని చెప్పారు.

తమ్ముడికి బెంగళూరులో పంపుసెట్ల కంపెనీ ఉంది. "డబ్బు కంపెనీ నుంచే ఇచ్చేస్తానక్కా, వెనకాల మన బ్యానర్ కట్టమందాం" అన్నాడు. కార్యదర్శి గారు అక్కడ ఆపి, ఓపిగ్గా విడమరిచి చెప్పారు. దాత పేరు కేవలం కృతజ్ఞతగా వేసి, అందులో వ్యాపార ప్రచారమేమీ లేకపోతే జీఎస్టీ పడదని 2019 అక్టోబరులో సర్క్యులర్ వచ్చింది. తండ్రి జ్ఞాపకార్థం గుడిలో ఒక గది మీద పేరు రాయించడం అందులో ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి. పంపుసెట్ల బ్యానర్ కడితే అది విరాళం కాదు, సభ కంపెనీకి చేసిన ప్రచార సేవ. 18 శాతం జీఎస్టీ పడుతుంది. కంపెనీ ఆ డబ్బును ప్రకటనల ఖర్చు కింద రాసుకోవచ్చు. పెద్ద కంపెనీలు కూడా సరుకు ప్రచారం కోసం చేసే స్పాన్సర్‌షిప్‌ను సీఎస్ఆర్ లెక్కలో, అంటే చట్ట ప్రకారం సమాజ సేవకు పెట్టాల్సిన ఖర్చులో, చూపించడానికి వీల్లేదు. వ్యాపారం చేసేవాళ్లు ప్రచారానికి ఖర్చు పెట్టుకోవడంలో తప్పేమీ లేదు. కానీ అమ్ముకోవడానికి ఇచ్చే డబ్బూ నాన్న కోసం ఇచ్చే డబ్బూ ఒకటి కావు. తమ్ముడు తన సొంత ఖాతా నుంచే సగం ఇచ్చాడు.

చెక్కుతో పాటు ఉత్తరం ఇవ్వాలి. ఈ మొత్తాన్ని మూలధనంగానే ఉంచాలని అందులో స్పష్టంగా రాయకపోతే సభ దాన్ని ఆ ఏటి మామూలు ఆదాయంగా లెక్కకట్టాల్సి వస్తుంది. ఆదాయపు పన్నులో విరాళాలకు మినహాయింపు ఇచ్చే 80జీ సెక్షన్ కింద అప్పట్లో మాకు వర్తించింది సగం మొత్తానికే, అదీ పాత పన్ను విధానంలో ఉంటేనే. నగదుగా 2,000 దాటి ఇస్తే ఆ మినహాయింపూ వచ్చేది కాదు. రసీదు ఒక్కటే సరిపోలేదు, ఆర్థిక సంవత్సరం ముగిశాక మే 31 లోగా సభ ఇచ్చే 10బీఈ అనే విరాళపు సర్టిఫికెట్ కావాల్సి వచ్చింది. పాన్ నంబరు ముందే ఇచ్చేస్తే ఆ పని సులువన్నారు.

ఎవరు పాడాలో కమిటీయే నిర్ణయిస్తుందని ఖరాఖండిగా చెప్పేశారు. అది నాకు బాగా నచ్చింది. డబ్బిచ్చినవాళ్లు గాయకుల్ని ఎంచడం మొదలుపెడితే, వెనక ఎవరూ లేని పిల్లలకు ఇక వేదిక ఎక్కడ దొరుకుతుంది? నేను అడిగింది పక్కవాద్యాల సంగతి. కార్యదర్శి గారు లెక్కల పుస్తకం తెరిచి నా ముందు పెట్టారు. గాయకులకు ఇచ్చేదే తక్కువ, వయొలిన్‌కూ మృదంగానికీ అందులో సగం కూడా లేదు. రెండున్నర గంటలు ముగ్గురూ చెమటోడుస్తారు కదా! వడ్డీలో పక్కవాద్యాల వాటా ఇంతకు తగ్గకూడదని, ముగ్గురికీ విడివిడిగా కచేరీ రోజే ఇవ్వాలని ఉత్తరంలో రాస్తామన్నాం. కమిటీలో పెట్టి చెబుతామన్నారు. కొంత ఆలస్యమైనా ఒప్పుకున్నారు.

కచేరీ రోజు తొందరగా వెళ్లాం. మృదంగం కుర్రాడు తడిపిన రవ్వ ముద్దను ఎడమ మూత మధ్యలో అద్ది, బొటనవేలితో చుట్టూ ఒత్తుతున్నాడు. వాయిస్తాడు, చెవి దగ్గర పెట్టుకుంటాడు, చిటికెడు తీసేస్తాడు, మళ్లీ వాయిస్తాడు. తర్వాత రాయితో కుడివైపు అంచు మీద కొడుతూ శ్రుతికి తెచ్చాడు. పాడిన అమ్మాయి తమిళ పిల్ల, పాడినవి చాలావరకు తెలుగు కృతులే. ఒక్క మాటా విరగ్గొట్టలేదు. హాల్లో సగం కుర్చీలు నిండాయి, మధ్యాహ్నం కచేరీకి అది తక్కువేం కాదు.

సర్టిఫికెట్ మే నెలలో వచ్చింది. ఏటా మార్చిలో వడ్డీ ఎంత వచ్చిందో కార్యదర్శి గారు చెబుతున్నారు. అనుకున్న వాటాకు అది చాలకపోతే తేడా మేం పంపుతామని ఉత్తరంలో ఇంకో వాక్యం కూడా చేర్పించాం.