మా పేట సినిమా హాలు: బీ ఫారం చేతికొచ్చేదాకా

మా నాన్న తెనాలిలో ఒకే హాల్లో ముప్పై ఏళ్లకు పైగా ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా పనిచేశారు. ఫస్ట్ షో మొదలయ్యాక ఆయనకు అన్నం క్యారియర్ తీసుకెళ్లడం నా పని. ఇనుప మెట్లెక్కి కేబిన్ తలుపు తీస్తే వేడి మొహానికి కొట్టేది. అప్పట్లో బల్బు లేదు. రెండు కార్బన్ కడ్డీల కొనల మధ్య మండే వెలుగుతోనే బొమ్మ పడేది. కడ్డీలు అరిగేకొద్దీ వాటిని దగ్గరకు జరుపుతూ ఉండాలి, లేకపోతే తెర మసకబారుతుంది. అరిగి పారేసిన ముక్కలు నేను గౌను జేబులో వేసుకుని తెచ్చి, ఇంటి గచ్చు మీద బొమ్మలు గీసేదాన్ని.

వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు వస్తుంది. స్పూలు అయిపోవస్తుంటే తెర మీద కుడివైపు పైమూల చిన్న చుక్క ఒకటి మెరుస్తుంది. అది చూడగానే రెండో మెషీన్ మోటారు తిప్పాలి. ఇంకో చుక్క మెరవగానే ఇటు మూసి అటు తెరవాలి. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటూ కూడా నాన్న చూపు ఆ మూల మీదే ఉండేది. కింద కూర్చున్న ఆరొందల మందిలో ఒక్కరికీ మెషీన్ మారినట్టు తెలియకూడదు, అదీ ఆయన పట్టుదల.

హాలు పేరు ఇక్కడ రాయడం లేదు. యజమాని కుటుంబం వద్దన్నారు, వాళ్ల మాట నాకు గౌరవం. డెబ్బై ఏళ్లు దాటిన కట్టడం. రేకుల కప్పు, దాన్ని మోసే ఇనుప చట్రాలు (ట్రస్సులు), ముందు వరండాలో గుండ్రటి స్తంభాలు, టికెట్ తీసుకునే చోట చేతులు రాసుకుని రాసుకుని నున్నగా అయిపోయిన సిమెంటు అరుగు. హీరో కృష్ణ గారి సొంతూరు బుర్రిపాలెం మా ఊరికి పక్కనే కాబట్టి ఆయన సినిమా వస్తే జనం ఎడ్లబళ్లు కట్టుకుని వచ్చేవాళ్లని నాన్న చెబుతారు.

2020 మార్చిలో లాక్‌డౌన్‌తో అన్నిటితో పాటు మూతపడింది. తర్వాత కొన్నాళ్లు తెరిచారు. 2021 డిసెంబరులో రాష్ట్రమంతా థియేటర్ల తనిఖీలు జరిగాయి. బీ ఫారం, అంటే హాల్లో సినిమా ఆడించడానికి ఇచ్చే లైసెన్సు, లేనివాటిని, దాన్ని రెన్యువల్ చేయించుకోనివాటిని మూయించారు. తర్వాత 83 హాళ్లకు నెల గడువిచ్చి తెరవనిచ్చారు. మా హాలుకు ఆ అవకాశం కూడా పనికిరాలేదు. లైసెన్సు యజమాని పెద్దాయన పేరు మీద ఉంది, ఆయన పోయి ఏళ్లయింది. వారసులు పేరు మార్పించుకోలేదు. ఇక గేటుకు తాళమే.

2023 ఎండాకాలంలో ఒకరోజు ఇద్దరు మనుషులు వరండాలో టేపు పెట్టి కొలుస్తుంటే చూశాను. అడిగితే ఫంక్షన్ హాలు కడతారన్నారు. నేను ట్యాక్స్ కన్సల్టెంటుని, బోస్ రోడ్డులో చిన్న ఆఫీసు. కాగితాల పని నాకు రోజూ ఉండేదే. కాగితాల వల్ల మూతపడ్డ హాలును కాగితాలతోనే తెరిపించవచ్చు కదా అనిపించింది. ఆ సాయంత్రమే యజమాని పెద్దబ్బాయి గారింటికి వెళ్లాను.

"నువ్వు ఆపరేటర్ గారి అమ్మాయివి కదమ్మా? కూర్చో. ఆ స్థలం ఇవాళ గజం ఎంత పలుకుతోందో తెలుసా?" అన్నారు.

"తెలుసు అన్నయ్యగారూ. అమ్మొద్దని చెప్పే హక్కు నాకు లేదు. లీజుకివ్వండి. లైసెన్సు, రిపేర్లు మేం చూసుకుంటాం. కుదరకపోతే తాళాలు తెచ్చి మీ చేతిలో పెడతాను."

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "నాన్నగారు ఆ వరండాలోనే పడక్కుర్చీ వేసుకుని కూర్చునేవారు" అన్నారు చివరికి. మూడు నెలలు గడువిచ్చారు, దారేదైనా చూపించమని.

ముందు వెళ్లింది తప్పు దారి. పురాతన కట్టడంగా గుర్తిస్తే ఎవరూ కూల్చలేరు కదా అనుకున్నాం. 1958 నాటి కేంద్ర చట్టం ప్రకారం పురాతన కట్టడం అనాలంటే కనీసం నూరేళ్లు నిండాలి. ఆంధ్రలో తొలి సినిమా హాలుగా చెప్పుకునే విజయవాడ మారుతీ 1921 నాటిది. అంటే మన సినిమా హాళ్లలో ఆ వయసు ఎన్నింటికి వస్తుంది? తెలుగు సినిమా పితామహుడు రఘుపతి వెంకయ్య నాయుడు గారు మద్రాసులో 1914లో కట్టిన గెయిటీ కూడా ఇప్పుడు లేదు. ఆయన పేరు మీద అవార్డు ఉంది, ఆయన కట్టిన హాలు లేదు. ఆ సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇక సినిమా వేయడం ఒక్కటే దీన్ని కాపాడుతుందని అర్థమైంది. హాలు నడుస్తూ ఉంటే వారసులకు నెలనెలా అద్దె వస్తుంది. అద్దె వచ్చేదాన్ని ఎవరూ తొందరపడి కూల్చుకోరు.

ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం, 2001 కింద సొసైటీ పెట్టాం. ఏడుగురు ఉంటే చాలు. రిటైరైన తెలుగు మాస్టారు, హాలు ఎదురుగా టీ కొట్టు బాబాయ్, ఒక ఎలక్ట్రీషియన్, ఒకప్పటి గేట్‌మన్ కొడుకు, చీరల షాపు వదినగారు, ఒక లాయరుగారు, నేను. సొసైటీలో సభ్యులు లాభం పంచుకోకూడదు. మాకు కావలసిందీ అదే. ఆ మాట విన్నాకే వారసులకు మా మీద నమ్మకం కుదిరింది.

అసలు టెన్షన్ లీజు దగ్గర మొదలైంది. వారసులు నలుగురు. ఇద్దరు అమెరికాలో ఉన్నారు. ఏడాదికి మించిన లీజు రిజిస్టర్ చేయించాల్సిందే. దానికి నలుగురి సంతకాలూ కావాలి. అమెరికా వాళ్లు అన్నయ్యగారికి జీపీఏ, అంటే తమ తరఫున సంతకం పెట్టే అధికారమిచ్చే పత్రం, రాసి పంపారు. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, చాలామంది దీని దగ్గరే దెబ్బతింటారు. విదేశంలో రాసిన జీపీఏ మన దేశంలోకి వచ్చిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టాలి. వాళ్లలో చిన్న అక్కగారు పంపిన కవరు అన్నయ్యగారి బీరువాలో రెండు నెలలకు పైగా అలాగే ఉండిపోయింది. తీసి కవరు మీద తేదీ చూసేసరికి నా గుండె జారింది. ఇంకా పదకొండు రోజులే ఉన్నాయి. మర్నాడు పొద్దున్నే గుంటూరు రైలెక్కాం.

లీజు చేతికొచ్చాక తాళం తీశాం. గబ్బిలాల కంపు. తెర నిలువునా చిరిగి వేలాడుతోంది. నేల తరగతి బెంచీల కింద చిరిగిన టికెట్లు, పల్లీ పొట్టు, ఒక చిన్నపిల్ల చెప్పు. నాన్న ఎవరితోనూ మాట్లాడకుండా నేరుగా కేబిన్‌లోకి వెళ్లారు. పాత మెషీన్లు రెండూ ఉన్నాయి. ఆయన కండువాతో ఒకదాని లెన్సు తుడిచి, మూత పెట్టి దిగొచ్చారు.

లైసెన్సుకు ముఖ్యంగా మూడు సర్టిఫికెట్లు కావాలి. కట్టడం గట్టిగా ఉందని ఇంజినీరు ఇవ్వాలి, కరెంటు పనుల మీద ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ ఇవ్వాలి, అభ్యంతరం లేదని అగ్నిమాపక శాఖ ఇచ్చే ఎన్‌ఓసీ కావాలి. అవన్నీ ఉంటే జాయింట్ కలెక్టర్ దగ్గరికి ఫైలు వెళుతుంది. కరెంటుది సులువుగానే అయిపోయింది. గోడల్లో చెక్క బద్దీల్లో వేసిన పాత వైరింగ్ అంతా పీకేసి కొత్తది వేశాం, మా ఎలక్ట్రీషియన్ కూలి తీసుకోలేదు.

ఇంజినీరుగారు ట్రస్సు ట్రస్సుకూ నిచ్చెన వేయించుకుని ఎక్కారు. ఇనుము గోడలోకి దిగే చోట చిన్న సుత్తితో కొడుతూ వెళ్లారు. బాగున్నచోట ఖంగుమంది. పడమటి వైపు రెండింటి దగ్గర మాత్రం చప్పుడు బొదబొదమని వచ్చి తుప్పు పెళ్లలుగా రాలింది. ఆ రెండూ మార్చాలన్నారు. బాల్కనీ దూలంలో పగుళ్లు చూసి, పైకి ఒక్కరినీ ఎక్కించవద్దని రాసిచ్చారు. అంటే కింది తరగతులతోనే తెరవాలి. అమ్ముడయ్యే సీట్లు తగ్గిపోతాయని మా వాళ్లు దిగులుపడ్డారు. నేను మాత్రం ఆయన రాసినదాన్ని మార్చమని అడగవద్దన్నాను.

అలా ఎందుకన్నానో ఫైర్ ఆఫీసరు గారు వచ్చిన రోజు అందరికీ తెలిసింది. మా హాలు గోడలకు శబ్దం గింగుర్లాడకుండా కొబ్బరి పీచు పరిచి, పైన గోనెగుడ్డ కొట్టారు, పాతకాలం పద్ధతి. ఆయన అందులోంచి అరచేతంత ముక్క కోసుకుని బయట అరుగు మీద పెట్టి అగ్గిపుల్ల గీశారు. మేం చూస్తుండగానే భగ్గుమని మండి, గుప్పెడు బూడిదైంది. "1997లో ఢిల్లీలో ఉపహార్ హాల్లో 59 మంది చనిపోయారమ్మా. దారి దొరక్క, పొగకి" అన్నారు. అప్పటిదాకా మాలో కొందరికి ఈ నిబంధనలన్నీ తిప్పించుకోవడానికే అనిపించేది. ఆ బూడిద చూశాక ఎవరూ ఆ మాట అనలేదు. పీచంతా తీసేశాం. లోపలికి తెరుచుకునే తలుపులన్నీ బయటికి తెరుచుకునేలా మార్చాం. నీళ్ల ట్యాంకు, పంపు, గొట్టాలు, మంటలార్పే సిలిండర్లు, ఇసుక బకెట్లు, చీకట్లో వెలిగే దారి గుర్తులు పెట్టాం.

పీచు తీసేసరికి ఇంకో సమస్య వచ్చింది. మాట అంటే నాలుగుసార్లు వినపడుతోంది. ఎక్కడ ఎంత గింగురుమంటోందో తెలుసుకోవడానికి పరికరాలు తెచ్చే స్తోమత లేదు. తెనాలిలో పద్యనాటకాలకు కొదవ లేదు కదా, ఏళ్లుగా నాటకాలకు మైకుసెట్లు కట్టే ఒక పెద్దాయన్ని పిలిచాం. ఆయన వెంట వచ్చిన నటుడు తెర ముందు నిలబడి రాగం తీసి పద్యం ఎత్తుకున్నారు. ఈయన కళ్లు మూసుకుని వరస వరసకూ నడుస్తూ, గోడ మీద సుద్దతో గుర్తులు పెట్టారు. గుర్తులున్న చోట మాత్రమే మంట అంటుకోని పలకలు కొట్టించాం. అనుకున్న ఖర్చులో సగం మిగిలింది. ఆ పద్యం విని వీధిలో జనం గేటు దగ్గర గుమిగూడారు. హాలు తెరుస్తున్నారన్న వార్త ఊరంతా పాకింది ఆ రోజే.

డబ్బు ఎక్కువగా కుర్చీల మీద వచ్చింది. కుర్చీకి రెండున్నర వేలు ఇస్తే వెనక ఇంటిపేరు రాయిస్తామన్నాం. హైదరాబాద్ నుంచి, డాలస్ నుంచి, ఆస్ట్రేలియా నుంచి మా ఊరివాళ్లు పంపారు. ఒకావిడ తన పేరు వద్దని, తనకు చిన్నప్పుడు టికెట్ లేకుండా గేటు దగ్గర నిలబడి చూడనిచ్చిన గేట్‌మన్ పేరు రాయించింది. విరిగిన కుర్చీల ఇనుప కాళ్లు అతికింది మా ఊరి శిల్పులు. పాత ఇనుప తుక్కుతో నిలువెత్తు బొమ్మలు చేసేవాళ్లకు కుర్చీ కాలు ఎంతసేపు?

ఒక ఆఫీసులో మాత్రం ఫైలు ఐదు నెలలు కదల్లేదు. ప్లానులో కొలతలు అడుగుల్లో ఉన్నాయి, మీటర్లలో కావాలట. ఆ సంగతి ఐదో నెలలో చెప్పారు. బస్టాండులో కూర్చుని ఏడ్చాను. మర్నాడే మీటర్లలో గీయించి ఇచ్చాం. అప్పటినుంచి వెళ్లిన ప్రతిసారీ ఏమేం తక్కువో రాసివ్వమని అడిగి, తేదీ వేయించుకుని వచ్చేదాన్ని. ఎవరైనా ఇలాంటి పనికి దిగితే ఇదొక్కటి మొదటి రోజు నుంచే చేయండి.

బీ ఫారం చేతికొచ్చిన రోజు లాయరుగారు దాన్ని రెండుసార్లు చదివారు. పేరు సరిగ్గా ఉంది, చిరునామా సరిగ్గా ఉంది.

డిజిటల్ ప్రొజెక్టర్ అద్దెకు తీసుకున్నాం. 2025 ఉగాది నాడు తెరిచాం. పెద్ద సినిమాలు మొదటివారం మాకు రావు, అవి ఏసీ హాళ్లకే వెళతాయి. రెండో వారం నుంచి తీసుకుంటాం. 2022లో మహేష్‌బాబు పుట్టినరోజుతో ఊపందుకున్న పాత సినిమాల రీరిలీజులు మాకు బాగా కలిసొచ్చాయి. పాత సినిమా పాత హాల్లో చూడాలని గుంటూరు నుంచి కూడా పిల్లలు వస్తున్నారు. టికెట్ యాభై రూపాయలు. 2025 సెప్టెంబరు 22 నుంచి వంద రూపాయల లోపు టికెట్ మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ కాస్త తేడాతోనే శనివారం ఉదయం మున్సిపల్ స్కూలు పిల్లలకు ఉచితంగా ఒక షో వేయగలుగుతున్నాం.

తెరిచిన రోజు నాన్నను కేబిన్‌లో కుర్చీ వేసి కూర్చోబెట్టాం. కొత్త మెషీన్‌కు రీలు లేదు, మార్చడం లేదు, చుక్క లేదు. కుర్రాడు ఒక బటన్ నొక్కి ఫోన్ చూసుకుంటున్నాడు. నాన్న మాత్రం సినిమా అయ్యేదాకా కిటికీలోంచి తెర కుడివైపు పైమూలే చూస్తూ కూర్చున్నారు. నేను క్యారియర్ విప్పి అన్నం కలిపి ఇచ్చాను.

పాత మెషీన్లు రెండూ వరండాలో అద్దాల గదిలో పెట్టాలని ఉంది, ఇంకా డబ్బు చాల్లేదు. బాల్కనీ దూలం సంగతి తేల్చడానికి సంక్రాంతి వెళ్లాక ఇంజినీరుగారు మళ్లీ వస్తున్నారు. అప్పటిదాకా ఆ మెట్లకు అడ్డంగా కట్టిన గొలుసు తీయం.