మనిషిని సంస్థాగతం చేయడమేంటి!

ఓ ఇంగ్లీష్ పుస్తకాన్ని తెలుగు చేస్తూ, ఇన్‌స్టిట్యూషనలైజ్ అన్న మాట వచ్చిన చోట "అతణ్ణి పదేళ్ల వయసులో సంస్థాగతం చేశారు" అని టైప్ చేసేసి, టీ తాగొచ్చి మళ్ళీ చదివితే నాకే నవ్వొచ్చింది. మనిషిని సంస్థాగతం చేయడమేంట్రా బాబూ, అతనేమన్నా పార్టీ ఎన్నికలా!

రెండు పేజీల ముందు కూడా ఇదే ఇన్‌స్టిట్యూషనలైజ్ వచ్చింది, అక్కడ నెలనెలా చేసే రివ్యూని ఎవరున్నా లేకపోయినా ఆగకుండా నడిచే పద్ధతిగా స్థిరపరచడం అని అర్థం, సంస్థాగతం చక్కగా కూర్చుంది. ఆ ఊపులో ఇక్కడా అదే కొట్టేశా. ఇక్కడేమో పిల్లాణ్ణి తీసుకెళ్ళి హోమ్‌లో ఉంచడం.

"హోమ్‌లో చేర్పించారు" అని మార్చా. బళ్ళో వేసినట్టుంది. మళ్ళీ కొట్టేసి "పెట్టేశారు" అన్నా. ఆ "ఏశారు"లోనే ఉంది కదా సంగతంతా.

కింద మూడోసారి. చాలా ఏళ్ళ తర్వాత బయటికొచ్చాడు, తలుపు బార్లా తీసున్నా ఎవరో ఒకరు వెళ్ళమనేదాకా గుమ్మం దగ్గరే నిలబడేవాడట. దానికీ అదే మాట! నిద్ర, పని, ఆట అన్నీ ఒకే గోడల మధ్య ఒకే అజమాయిషీ కింద నడిచే చోట్లని గాఫ్‌మన్ అనే సోషియాలజిస్ట్ 1961లో టోటల్ ఇన్‌స్టిట్యూషన్ అన్నాడు, అక్కడుంటే మనిషి అలాగే అవుతాడు మరి. "ఆ గోడలకి అలవాటు పడిపోయాడు" అని రాశా, ఇది మాత్రం నాకు నచ్చింది.

ఇంకా ఇటలీ చాప్టర్ ఉంది, 1978లో చట్టం తెచ్చి పిచ్చాసుపత్రుల్లో కొత్తవాళ్ళని చేర్చుకోకుండా ఆపి మెల్లగా మూసేయించారే, అది. హెడ్డింగే డీఇన్‌స్టిట్యూషనలైజేషన్. రేపు చూద్దాం, ఇవాళ్టికి లాప్‌టాప్ మూసేశా.