పాత జెనోవా ఇంజిన్ మళ్లీ తిరిగింది

టెక్సాస్‌లో మా వీధిలో ఒక పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తూ గ్యారేజ్ సేల్ పెడితే, ఫైబర్ గ్లాస్ రిమోట్ పడవ ఒకటి కొన్నాను. లోపల జెనోవా జీ23 పెట్రోల్ ఇంజిన్. జపాన్ తయారీ, 22.5 సీసీ, టూ స్ట్రోక్. గడ్డి కోసే మిషన్లలో వాడే ఇంజిన్‌నే నీళ్లతో చల్లబడేలా మార్చి పడవల్లో పెట్టేవారు. మిరప తోటకి మందు కొట్టే పవర్ స్ప్రేయర్ విప్పడం గుంటూరు జిల్లాలో చిన్నప్పుడు చూస్తూ పెరిగాను కాబట్టి, దీన్ని నేనే బాగు చేసుకోగలననిపించింది.

ఏళ్ల తరబడి కదలని ఇంజిన్‌కి వెంటనే తాడు లాగకూడదు. ప్లగ్ తీసి, సిలిండర్‌లో కాస్త టూ స్ట్రోక్ ఆయిల్ వేసి, చేత్తో మెల్లగా తిప్పాను. సైలెన్సర్ విప్పి టార్చ్ వేసి చూస్తే పిస్టన్ మీద గీతలు లేవు. ప్లగ్ కన్నం మీద బొటనవేలు పెట్టి తిప్పితే గట్టిగా తన్నింది. బోరు, రింగులు బాగున్నాయన్నమాట. సగం టెన్షన్ అక్కడే తీరింది.

స్పార్క్ మాత్రం రాలేదు. ఇలాంటప్పుడు స్పార్క్ పుట్టించే కాయిల్ కొత్తది కొనే ముందు, ఇంజిన్ ఆపే స్విచ్ వైరు ఊడదీసి చూడాలి. అది ఎక్కడ ఇంజిన్ బాడీకి తగిలినా స్పార్క్ ఉండదు. ఇక్కడా అదే జరిగింది. పైపూత పెళుసై రాలిపోయి, రాగి తీగ బాడీకి ఆనుకుంది. వైరు మార్చి, ఫ్లైవీల్ అయస్కాంతం మీది తుప్పు సన్నని ఎమరీ పేపర్‌తో తీసేసి, కాయిల్‌కీ దానికీ మధ్య విజిటింగ్ కార్డు పెట్టి బిగించాను. సుమారు 0.3 మిల్లీమీటర్ల సందు వస్తుంది. స్పార్క్ వచ్చింది.

అసలు పని కార్బొరేటర్‌లో ఉంది. ఇది వాల్‌బ్రో కంపెనీది. బైక్‌లో లాగా పెట్రోల్ మీద తేలే ఫ్లోట్ ఉండదు. పడవ ఎంత ఎగిరిపడినా పెట్రోల్ అందాలి కాబట్టి దీన్ని డయాఫ్రమ్‌లతో, అంటే పల్చటి సాగే పొరలతో, నడిపిస్తారు. పిస్టన్ కింద ఉండే గదిలో (క్రాంక్‌కేస్) ఒత్తిడి పెరుగుతూ తగ్గుతూ ఒక డయాఫ్రమ్‌ను ఆడిస్తే అది ట్యాంకు నుంచి పెట్రోల్ లాగుతుంది. రెండోది సూది వాల్వ్‌ను తెరిచి కావలసినంతే లోపలికి వదులుతుంది. నా దాంట్లో రెండూ అప్పడాల్లా బిగుసుకుపోయాయి. లోపలి చిన్న జల్లెడ నిండా గోధుమరంగు జిగురు. కిట్ తెప్పించి డయాఫ్రమ్‌లు, గ్యాస్కెట్లు, సూది అన్నీ మార్చాను. ట్యాంకు గొట్టాలూ కొత్తవే వేశాను. పాత ఇంజిన్లలో ఇనుము కంటే ముందు పోయేది రబ్బరే. ఇక్కడి మామూలు పెట్రోల్‌లో 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, మన దేశంలో ఇప్పుడు 20 శాతం. అది తేమ పీలుస్తుంది, పాత రబ్బరుకీ పడదు. ఇథనాల్ లేని పెట్రోల్ దొరికితే అదే వాడండి.

లీటరుకు 40 మిల్లీలీటర్ల ఆయిల్ కలిపి, కార్బొరేటర్ బయట పెట్రోల్ మోతాదు సరిచేసే రెండు నీడిల్స్ (లో, హై) ఒకటింపావు చుట్టు తెరిచి మొదలుపెట్టాను. ఈ పడవల్లో క్లచ్ ఉండదు. ఇంజిన్ అంటుకున్న క్షణమే ప్రొపెల్లర్ తిరుగుతుంది, వేళ్లు తెగుతాయి. అందుకే షాఫ్ట్ విడదీసి, సిలిండర్ చుట్టూ నీళ్లు పోవడానికి ట్యాప్ నుంచి సన్న ట్యూబు పెట్టి, కొద్ది సెకన్లే నడిపాను.

అంటుకుంది, కానీ ఐడిల్‌లో, అంటే అతి తక్కువ స్పీడులో, నిలవలేదు. స్పీడు దానంతటదే పెరిగిపోతోంది. నీడిల్ తిప్పుతూ కూర్చుంటే ఇది తగ్గదు, ఇంజిన్ ఎక్కడో గాలి లాగుతోందని అర్థం. టూ స్ట్రోక్‌లో ఆయిల్ పెట్రోల్‌తోనే లోపలికి వెళ్తుంది కాబట్టి, గాలి ఎక్కువై పెట్రోల్ తగ్గితే ఆయిలూ తగ్గి పిస్టన్ పట్టేస్తుంది. వెంటనే ఆపేశాను. క్రాంక్‌కేస్‌కి చేతి పంపుతో కాస్త గాలి ఎక్కించి సబ్బునీళ్లు రాస్తే ఫ్లైవీల్ వైపు, క్రాంక్ షాఫ్ట్ చుట్టూ గాలి చొరబడకుండా ఉండే రబ్బరు సీల్ దగ్గర బుడగలు వచ్చాయి. పుల్లర్‌తో ఫ్లైవీల్ లాగి రెండు వైపుల సీళ్లూ మార్చాను. రెండోది బాగానే ఉన్నట్టుంది కానీ, దాని వయసూ అంతే కదా.

ఆ తర్వాత ఐడిల్ నిలబడింది. చెరువులో దింపినప్పుడు ఎక్కువ స్పీడులో పెట్రోల్ మోతాదు చూసే హై నీడిల్ కాస్త ఎక్కువే తెరిచి పెట్టాను, పొగ వచ్చినా పర్లేదని. పడవ పక్క కన్నంలోంచి నీళ్లు ధారగా వస్తున్నాయో లేదో చూస్తూ నెమ్మదిగా స్పీడు పెంచాను. ఒడ్డుకి తెచ్చి ప్లగ్ తీస్తే లేత గోధుమరంగులో ఉంది. నీడిల్ అక్కడితో ఆపేశాను. ఇంటికి రాగానే ట్యాంకు ఖాళీ చేసి, కార్బొరేటర్‌లో మిగిలిన పెట్రోల్ అయిపోయేదాకా, ట్యాప్ నీళ్లు పెట్టి ఐడిల్‌లో నడిపి ఆపాను.