మంచు పల్చగుంటేనే ఎక్కువ భయం

డిసెంబర్‌ల మనాలి పైకొండలకు ట్రెక్కింగ్‌కు పోయే మన నల్లగొండ, పాలమూరు పిల్లలు ఇది చదవాలె. మంచు తక్కువుందని ధీమా వద్దు, మంచుచరియలు (అవలాంచ్) జారే భయం అప్పుడే ఎక్కువ. కింద నేల సున్నా డిగ్రీల దగ్గరుంటది, పైన గాలి మైనస్‌ల. పొర పల్చగున్నకొద్దీ ఆ తేడాకు అడుగు మంచు చక్కెర పలుకుల్లెక్క విడిపోతది, పట్టుండదు. దానిమీద గాలి తెచ్చిపోసిన మంచు పలకగట్టిందా, చరియ జారనీకి ఒక్క మనిషి బరువు చాలు. 30 నుంచి 45 డిగ్రీల వాలు, అందుల ఎండ తగలని ఉత్తరం దిక్కైతే ఇంకా జాగ్రత్త. అడుగేస్తే ‘గుమ్’మని కుంగినా, పగులు పారినా అక్కడికెళ్లే వెనక్కి మర్లుర్రి. వాలు దాటేటప్పుడు ఒక్కొక్కరే. బీకన్ (మంచుల కూరుకుపోయినోళ్ల జాడ సిగ్నల్‌తోని చెప్పే పరికరం), ప్రోబ్ (మంచుల గుచ్చి వెతికే పొడుగు కడ్డీ), పార అందరి దగ్గరుండాలె, గైడ్ దగ్గరుంటే సరిపోదు. కూరుకుపోయినోళ్లకు 15 నిమిషాలు దాటితే ఆశ సర్రున పడిపోతది. అన్నట్టు, బీకన్ సిగ్నల్ చెడకుండ సెల్‌ఫోన్‌ను దానికి 20 సెంటీమీటర్ల దూరం పెట్టాలె, వెతికేటప్పుడు 50.