ఫీజు కంటే మెస్ బిల్లే ఎక్కువ

మైనస్ 25216. కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీలో మా 1994-98 కంప్యూటర్స్ బ్యాచ్‌లో ఎవరిని నిద్రలేపి అడిగినా ఈ అంకె సంగతి చెబుతారు. సి అనే ప్రోగ్రామింగ్ భాష ల్యాబ్ మొదలైన కొత్తలో మాస్టారు అందరిచేతా ఫ్యాక్టోరియల్ ప్రోగ్రాం రాయించారు. ఒకటి నుంచి మనం ఇచ్చిన అంకె దాకా అన్నిటినీ గుణించి చెప్పాలి. 5 ఇస్తే 120, 7 ఇస్తే 5040, అన్నీ సరిగ్గానే వస్తున్నాయి. "ఇప్పుడు 8 ఇవ్వండి" అన్నారాయన చేతులు కట్టుకుని. 40320 రావాలి. ఏ స్క్రీన్ మీద చూసినా మైనస్ 25216. కొందరు ప్రోగ్రాంని అక్షరం అక్షరం చదువుకుంటున్నారు, కొందరు సిస్టం మీద నెపం వేసి పక్క సిస్టంలోకి తొంగి చూస్తున్నారు. గంట గడిచేదాకా ఆయన నోరు విప్పలేదు. మేం వాడే టర్బో సి సాఫ్ట్‌వేర్‌లో పూర్ణాంకానికి దొరికేది 16 బిట్ల చోటు. అందులో 32767 వరకే పడుతుంది. అది దాటితే 65536 తగ్గిపోయి మైనస్‌లో తేలుతుంది. "40320లోంచి 65536 తీసి చూసుకోండి, లెక్క సరిపోతుంది" అని చాక్‌పీస్ పక్కన పెట్టారు. ఆ తర్వాత మాలో ఎవరు ఏ వేరియబుల్ రాసినా, ఎంత పెద్ద అంకె రావచ్చో ముందు కాగితం మీద వేసుకునేవాళ్ళం.

మైక్రోప్రాసెసర్ ల్యాబ్ ఇంకో లోకం. 8085 అనే చిప్ ఉన్న కిట్టు, దాని మీద చిన్న కీప్యాడ్, ఎర్రగా వెలిగే అంకెలు. 3ఈ కొడితే ఎ రిజిస్టర్ అనే గడిలోకి విలువ, 06 కొడితే బి లోకి, 80 అంటే రెండూ కూడమని, 76 అంటే ఆగమని. కరెంటు ఒక్క రెప్పపాటు పోయి వచ్చినా కొట్టిందంతా తుడిచిపెట్టుకుపోయేది. అందుకని అబ్జర్వేషన్ బుక్కులో అడ్రసులతో సహా రాసుకుని వెళ్ళేవాళ్ళం. అన్నవరంలో వ్రతం చేయిస్తున్నట్టు ఒకడు పైకి చదవడం, ఇంకొకడు నొక్కడం.

ఇంతవరకూ మా బ్యాచ్‌లో ఎవరైనా రాస్తారు. కాజాలు, భానుగుడి సెంటర్, ఉప్పాడ బీచ్... వాటి గురించి రాసేవాళ్ళు ఈ పూర్వ విద్యార్థుల సంచికలో చాలామందే ఉంటారు కాబట్టి వాళ్ళకి వదిలేస్తున్నాను. నేను రాయాలనుకున్నది ఫీజు గురించి.

మన కాలేజీ 1946లో విశాఖపట్నంలో పుట్టి కాకినాడ చేరిందని, 1972లో జేఎన్‌టీయూలో కలిసిందని, 2008లో కాకినాడే సొంతంగా యూనివర్సిటీ అయిందని సంచిక మొదటి పేజీల్లో ఎలాగూ ఉంటుంది. మా నాన్నకి ఇందులో ఏదీ పట్టేది కాదు. ఆయన దృష్టిలో అది గవర్నమెంటు కాలేజీ, అంతే. మేం చేరేనాటికి సుప్రీంకోర్టు ఉన్నికృష్ణన్ తీర్పు వచ్చి ఏడాది అయింది. దాని ప్రకారం ప్రైవేటు కాలేజీల్లో తక్కువ ఫీజుతో ఫ్రీ సీటు, ఎక్కువ ఫీజుతో పేమెంటు సీటు అని రెండు రకాలు. అంతకుముందు మా వైపు కాస్త భూమి ఉన్నవాళ్ళు పొరుగు రాష్ట్రాలకి వెళ్ళి డొనేషన్లు కట్టి చేర్పించేవారు. మన దగ్గర మాత్రం ఏడాది ఫీజు కంటే నాలుగు నెలల మెస్ బిల్లు ఎక్కువ. మేం దాన్ని జోకుగా చెప్పుకునేవాళ్ళం. 1996 దాకా.

నవంబర్ 6 రాత్రి తుపాను. హాస్టల్లో కిటికీ తలుపులకి మంచాలు అడ్డం పెట్టి కూర్చున్నాం. తెల్లారి చూస్తే కాంపౌండ్‌లో చెట్టనేది నిలబడి లేదు. ఊళ్ళకి ఫోన్లు కలవవు. మాది ముమ్మిడివరం అవతల పల్లె. అప్పటికి ఎదుర్లంక వంతెన లేదు, యానాం దాకా బస్సు, అక్కడ పంటు ఎక్కి గోదావరి దాటాలి. బస్సులు లేక లారీ ఎక్కి, పంటు తిరగక నాటుపడవ ఎక్కి ఇల్లు చేరాను. ఇంట్లో అందరూ బాగానే ఉన్నారు. మా అదృష్టం. ఆ తుపానులో పోయినవాళ్ళు వెయ్యికి పైనే, సముద్రం మీద ఉన్న మత్స్యకారులు ఎందరో తిరిగి రాలేదు.

మా కొబ్బరితోట మాత్రం పోయింది. చెట్లన్నీ ఒకే వైపుకి తలలు పెట్టి పడుకున్నాయి. కొన్ని మొదలంటా లేచాయి, కొన్ని నడిమికి విరిగి మోడులై నిలబడ్డాయి. దేశవాళీ మొక్క ఇప్పుడు పెడితే కాపుకి ఆరేడేళ్ళు పడుతుంది. అప్పటిదాకా దింపు లేదు, ఒలుపు లేదు, డబ్బు లేదు. పడిన చెట్ల కాయలు ఏరి అమ్ముదామంటే కోనసీమంతా అదే పనిలో ఉంది. అందరి కాయలూ ఒక్కసారే అంబాజీపేట మార్కెట్‌కి చేరితే ధర ఏం పలుకుతుంది?

చదువు ఆపేసి ఏదైనా పనిలో చేరతానన్నాను. నాన్న అరుగు మీద కూర్చుని కత్తి నూరుకుంటున్నాడు.

"ఏడాదికి నీ ఫీజెంతరా?"

చెప్పాను.

"అంతేనా? మరి మనూళ్ళో కొందరు ఆళ్ళబ్బాయిలకి వేలకి వేలు కడుతున్నారే!"

"అది పేమెంటు సీటు నాన్నా."

"అయితే మాటాడకుండా ఎల్లి చదువుకో. మిగతాది నేను చూసుకుంటాను."

మిగతాది అంటే మెస్ బిల్లు. మా హాస్టల్లో నెలాఖరుకి ఖర్చంతా తలలకి పంచేవారు. నేను తిరిగి వచ్చేసరికి మా మెస్ సెక్రటరీ నా లాంటి కోనసీమ వాళ్ళ పేర్ల పక్కన పెన్సిల్‌తో చిన్న టిక్కు పెట్టి, బకాయి నోటీసు బోర్డులో ఆ పేర్లు ఎక్కకుండా చూశాడు. ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. నేను రామారావుపేటలో ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్పి కొంచెం కొంచెంగా తీర్చాను.

ఆ నెలలోనే కంపైలర్ డిజైన్ మిడ్ పరీక్ష. మనం రాసిన ప్రోగ్రాంని యంత్రానికి అర్థమయ్యేలా మార్చేదే కంపైలర్. కరెంటు ఇంకా సరిగా రాలేదు, ల్యాబ్ మాటే లేదు. కొవ్వొత్తి చుట్టూ కూర్చుని ఆ భాష వ్యాకరణ సూత్రాల నుంచి ఫస్ట్, ఫాలో సెట్లు కట్టి, ఎక్కడ ఏ సూత్రం వాడాలో చెప్పే పార్సింగ్ టేబుల్ చేత్తో నింపేవాళ్ళం. ఒక గడిలో రెండు రూల్స్ పడ్డాయంటే ఆ గ్రామర్ పనికిరాదు, మళ్ళీ మొదటికి. తర్వాత ఉద్యోగంలో పార్సర్లు, అంటే ఇలా వ్యాకరణం ప్రకారం వాక్యాల్ని విడదీసే ప్రోగ్రాములు, రాసే పని పడ్డప్పుడు నాకు టూల్స్ కంటే ఆ గడులే ఎక్కువ అక్కరకొచ్చాయి.

1998లో బయటికి వచ్చాం. మిగతా కథ అందరిదీ ఒకటే: గౌతమి ఎక్స్‌ప్రెస్, అమీర్‌పేటలో కోర్సు, వైటూకే పుణ్యమా అని కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాషలో ఉద్యోగం. ఏడాదిని రెండంకెల్లో దాచిపెట్టిన ప్రోగ్రాములు 2000 వస్తే ఏమవుతాయోనని ప్రపంచమంతా టెన్షన్ పడుతుంటే, చోటు చాలని అంకెల తంటా ఏమిటో మాకు మొదటి ల్యాబ్‌లోనే చూపించేశారు కాబట్టి పెద్దగా వింత అనిపించలేదు.

ఈసారి పూర్వ విద్యార్థుల సమావేశంలో బ్యాచ్ తరఫున కాలేజీకి ఏం ఇద్దామన్న చర్చ ఉందని తెలిసింది. ఆర్చి కట్టిద్దామని కొందరు, సెమినార్ హాల్‌కి ఏసీలని కొందరు. ఆర్చి మీద పేర్లు చెక్కిస్తారు, ఫొటో బాగుంటుంది, కాదనను. నా ఓటు మాత్రం మెస్ బిల్లులకి. ఇప్పటికీ తుపాను వస్తే తోటలు పడతాయి, వరదొస్తే లంకలు మునుగుతాయి. ఆ ఇళ్ళ పిల్లలు ఇప్పటికీ మన హాస్టల్లోనే ఉంటారు. డబ్బు నేరుగా హాస్టల్ ఆఫీసులో జమ కావాలి, ఎవరికి కట్టామో స్టేజీ మీద చదవకూడదు, ఆ పిల్లలని పిలిచి శాలువా కప్పించుకోకూడదు. ఈ మూడు షరతులకి ఒప్పుకునేవాళ్ళు భోజనాల దగ్గర నన్ను కలవండి.