పెద్దవాళ్లెవరైనా ఉన్నారా?

కాన్పు గదిలోంచి బయటికి వచ్చిన నర్సు చేతిలోని కాగితాన్ని నాకివ్వబోయి ఆగి, నా భుజం మీదుగా వెనక్కి చూసి, "పెద్దవాళ్లెవరైనా ఉన్నారా?" అని అడిగింది. అప్పటికి నాకు 22 ఏళ్లు. "నేనే తండ్రిని" అన్నాను గానీ ఆ మాట నా చెవికే కొత్తగా వినిపించింది.

బిడ్డను చూడగానే ప్రేమ పొంగుకొస్తుందని అందరూ చెబుతారు. నాకలా జరగలేదు. పొత్తిళ్లలో చుట్టి చేతికిచ్చిన ఆ పిల్లను చూసి నాకు కలిగింది భయం ఒక్కటే. ఈ సంగతి చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. చెబితే కుర్రతనం ఇంకా పోలేదని తేల్చేస్తారని నాకు తెలుసు. నలభై దాటాక తండ్రయిన సహోద్యోగి ఒకాయన, తనకూ మొదట భయమే వేసిందని మాటల మధ్యలో అనేదాకా, అది నా వయసు తెచ్చిన లోపమనే అనుకున్నాను.

మొదటి రెండు నెలలూ రాత్రికీ పగటికీ తేడా లేకుండా గడిచాయి. రెండు మూడు గంటలకొకసారి లేచే పిల్లకు పాలివ్వడం నా భార్య వంతు, ఆ తరువాత భుజాన వేసుకుని త్రేన్పు వచ్చేదాకా వీపు నిమరడం నా వంతు. మెడ నిలవని పిల్ల కాబట్టి ఒక అరచెయ్యి ఎప్పుడూ తల వెనకే ఉండేది. ఒకరోజు స్నానం చేయించాక తల తుడుస్తుంటే, మాడు మీద మెత్తని చోట చర్మం సన్నగా లేస్తూ పడుతూ కనిపించి హడలిపోయాను. పుర్రె ఎముకలు ఇంకా కలుసుకోకపోవడం వల్ల నాడి అలా పైకి తెలుస్తుందని, ఏడాదిన్నర వయసుకల్లా సాధారణంగా ఆ ఖాళీ మూసుకుపోతుందని డాక్టరుగారు చెప్పాక గానీ స్థిమితపడలేదు. అయినా ఆ తరువాత కూడా, ఎవరూ చూడనప్పుడు, ఆ చోటు కొట్టుకోవడం చూస్తూ కూర్చునేవాణ్ణి.

అప్పుడే పుట్టిన పిల్లలకు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నవే కాస్త తేటగా కనిపిస్తాయట. ఎత్తుకున్నవారి ముఖం ఇంచుమించు అంత దూరంలోనే ఉంటుంది. ఏడో వారంలో ఒక తెల్లవారుజామున, నిద్రలేమితో వాచిన నా ముఖంలోకి తదేకంగా చూసి, మా అమ్మాయి నవ్వింది. నిద్రలో పెదవులు కదిలించే నవ్వు కాదది, నన్ను చూసి నవ్విన నవ్వు. నాలో ప్రేమ అప్పుడే పుట్టిందంటే కథ బాగుంటుంది గానీ, అంతకుముందు త్రేన్పుల కోసం మేలుకున్న రాత్రుల్లోనే అది ఎప్పుడో వచ్చి చేరి ఉంటుందని నా నమ్మకం.

ఫిలిప్పీన్స్‌లో 624 మంది యువకులను నాలుగున్నరేళ్ల తేడాతో రెండుసార్లు పరీక్షించిన అధ్యయనం ఒకటి 2011లో వెలువడింది. ఆ మధ్యలో తండ్రులైనవారిలో టెస్టోస్టెరాన్ అనే పురుష హార్మోను బాగా తగ్గిందని, రోజుకు మూడు గంటలు, అంతకు మించి పిల్లల పనులు చూసుకునేవారిలో అది ఇంకా తక్కువగా ఉందని అందులో తేలింది. మొదటి పరీక్ష నాటికి వాళ్ల సగటు వయసు 22 లోపే. ఒంట్లో మార్పు రావడానికి ఆ వయసు అడ్డు కాలేదన్నమాట. ఇది చదివినప్పుడు ఆ నర్సు గుర్తొచ్చింది.

పోగొట్టుకున్నది ఏమీ లేదని అనను. పై చదువు రెండేళ్లు వాయిదా పడింది, స్నేహితులు పిలవడం మానేశారు. నాకంటే ఏడాది చిన్నదైన నా భార్య వదులుకున్నది అంతకంటే ఎక్కువ, ఆ లెక్క ఇప్పటికీ మా మధ్య పూర్తిగా తేలలేదు.

అమ్మాయికి ఇప్పుడు తొమ్మిదేళ్లు. మొన్న కూడికలు చేస్తూ, "నాన్నా, నాకు 22 ఏళ్లు వచ్చేసరికి నీకు 44 అంతే!" అంది. ఆ వయసుకు తను ఎలా ఉంటుందో ఊహించుకుంటూ, ఎవరైనా ఒక పసిగుడ్డును తెచ్చి తన చేతుల్లో పెడితే ఏం చేస్తుందోనని ఒక క్షణం ఆలోచించాను. చిన్నపిల్ల కదా, పక్కన పెద్దవాళ్లెవరైనా ఉండాలి అనిపించింది.