నడుం నొప్పితో నేను పడ్డ ఆరు నెలలు

మాది తెనాలి, 18 ఏళ్ళుగా ఇంట్లోనే జాకెట్లు కుడుతున్నా. పోయినేడు శ్రావణమాసంలో, వరలక్ష్మీ వ్రతం ఇంకా నాలుగు రోజులుందనగా, గుమ్మం దగ్గర దించిపోయిన 20 లీటర్ల వాటర్ టిన్ను వంటింట్లో పెడదామని వంగి ఒక్క ఊపున ఎత్తా. అంతే, నడుంలో జివ్వుమని మొదలై కుడికాలి పిక్క దాకా కరెంటు పాకినట్టు లాగేసింది. గోడ పట్టుకుని నిలబడిపోయా, కూర్చోలేను, వంగలేను, తుమ్మొస్తే ప్రాణం పోయినంత పనయ్యేది. అప్పటికి ఇంకా 23 జాకెట్లు కుట్టాలి, ఒక్కొక్కళ్ళూ ఫోన్ చేసి అక్కా నాది అయిందా అని అడుగుతుంటే ఏడుపొచ్చేసేది.

అత్తయ్య ఉప్పు కాపడం పెట్టారు, ఆ వేడికి కాస్త హాయిగానే అనిపించింది, దాన్ని నేను తప్పు పట్టను. పక్కింటి పిన్నిగారేమో ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత నడుం మీద తన్నించుకుంటే పట్టు వదుల్తుంది, మా చెల్లెలి కొడుకు అలాగే పుట్టాడు, పిలిపిస్తా ఉండమ్మా అన్నారు. ఆవిడ ప్రేమకొద్దీ అన్నారు కానీ మా ఆయన ఒప్పుకోలేదు, అదే నయమైంది. కాల్లోకి లాగుతున్నప్పుడు దయచేసి ఎవర్నీ నడుం మీద తొక్కనివ్వకండి.

నేను చేసిన పెద్ద తప్పు 12 రోజులు నేల మీద చాప వేసుకుని కదలకుండా పడుకోవడం. రెస్ట్ తీసుకుంటే తగ్గుతుందనే కదా అందరం అనుకుంటాం. మెడికల్ షాపులో ఇచ్చిన నొప్పి బిళ్ళలు పరగడుపునే వేసేసుకునేదాన్ని, దాంతో కడుపులో మంట కూడా పట్టుకుంది. 12 రోజులయ్యాక లేద్దామంటే నడుం కర్రలా బిగుసుకుపోయింది, కాళ్ళలో సత్తువ లేదు, నొప్పి మాత్రం అలాగే ఉంది.

అప్పుడు గుంటూరు తీసుకెళ్ళి ఎమ్మారై తీయించారు. రిపోర్టులో ఎల్4-ఎల్5 దగ్గర డిస్క్ బల్జ్, అంటే నడుం కింది వెన్నుపూసల మధ్య దిండులా ఉండే డిస్క్ బయటికి ఉబ్బడం, నరం మీద ఒత్తిడి అని ఉంది, ఇక ఆపరేషనే, మిషను మూలన పెట్టాల్సిందే అనుకుని ఆ రాత్రంతా నిద్రపోలేదు. మర్నాడు డాక్టర్‌గారు ఫిల్ము పక్కన పెట్టేసి ముందు నన్ను చూశారు. వెల్లకిలా పడుకోబెట్టి మోకాలు వంచకుండా కాలు లేపి చూశారు, వేళ్ళ మీద నడవమన్నారు, మడమల మీద నడవమన్నారు. ఉచ్చ పోయడంలో తేడా ఉందా, తొడల మధ్య మొద్దుబారినట్టుందా, పాదం జారిపోతోందా, జ్వరం వస్తోందా అని ఒక్కొక్కటే అడిగారు. అవేవీ లేవన్నాక, అమ్మా, ఏ నొప్పీ లేనివాళ్ళకి స్కాన్ తీసినా చాలామందిలో ఇలాంటి బల్జ్ కనిపిస్తుంది, వయసుకి జుట్టు నెరిసినట్టే ఇదీ, కంగారు పడకు, ఎక్కువమందికి ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది అన్నారు. ఆయన అడిగినవాటిలో ఏ ఒక్కటున్నా మాత్రం ఇంట్లో ఆగకూడదు, ముఖ్యంగా మూత్రం, మొద్దుబారడం, కాలు పట్టు తప్పడం లాంటివైతే అదే రోజు ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే.

ఫిజియోథెరపీ అమ్మాయి నాకిచ్చిన మొదటి ఎక్సర్‌సైజు ఏంటంటే ఊరికే బోర్లా పడుకోవడం. రెండు నిమిషాలు అలా పడుకుని, తర్వాత మోచేతుల మీద ఛాతీ లేపి ఉండటం, కొన్ని రోజులకి అరచేతులు ఆనించి నడుం కింద వదిలేసి పైకి లేవడం. ఆ అమ్మాయి చెప్పిన మాట నాకిప్పటికీ గుర్తే, ఆంటీ, నొప్పి కాల్లోంచి పైకి నడుం వైపు వస్తే భయపడకండి, అది మంచి గుర్తు, కింద పాదం వైపు దిగితే మాత్రం ఆపేసి నాకు చెప్పండి అంది. రోజూ అదే చూసుకునేదాన్ని, ఇవాళ ఎక్కడి దాకా ఉంది అని. మూడో వారానికి పిక్క వదిలింది, తర్వాత తొడ, నెలన్నరకి పిరుదు దగ్గర ఒక రూపాయి బిళ్ళంత చోట మాత్రం మిగిలింది. ఈ వ్యాయామం అందరికీ పడదు, కొందరికి వెనక్కి వంగితేనే నొప్పి ఎక్కువవుతుంది, అందుకే నేను చేశానని మీరు చేసేయకండి, ఒకసారి చూపించుకోండి. నడక కూడా పెట్టింది, మొదట వీధి చివరి దాకా ఐదు నిమిషాలు, అది అరగంట చేయడానికి రెండు నెలలు పట్టింది.

కార్తీకమాసంలో బాగానే ఉంది కదా అని పాత అలవాటు కొద్దీ నేల మీద బాసింపట్టు వేసుకుని ముందుకి వంగి ఒకేసారి ఆరు జాకెట్లు కటింగ్ చేశా. మర్నాడు మళ్ళీ మొదటికొచ్చింది. ఈసారి కదలకుండా చాప పట్టుకుని ఉండిపోలేదు, మళ్ళీ ఆ బోర్లా పడుకునే వ్యాయామం, నడక మొదలెట్టా, పది రోజుల్లో సర్దుకుంది.

అప్పుడర్థమైంది, టిన్ను ఎత్తడం ఆఖరి దెబ్బ మాత్రమే, ఆ నడుం 18 ఏళ్ళుగా మిషను మీద వంగుతూనే ఉంది. ఇప్పుడు కటింగ్ అంతా నిలబడి, నడుమెత్తు బల్ల మీదే. తొక్కుడు మిషనుకి మోటార్ పెట్టించా, మిషను కాళ్ళ కింద రెండంగుళాల చెక్క దిమ్మలు వేయించాం, ఇప్పుడు సూది కోసం మెడ వంచక్కర్లేదు. ఇనప స్టూలు తీసేసి వీపు ఆనేలా చెక్క కుర్చీ పెట్టుకున్నా. నీళ్ళ టిన్ను మా ఆయనే ఎత్తుతారు, నేను బిందె ఎత్తాల్సొస్తే మోకాళ్ళు వంచి పొట్టకి ఆనించుకుని లేపుతా. రాత్రి పక్కకి తిరిగి పడుకుని మోకాళ్ళ మధ్య దిండు, పొద్దున లేచేటప్పుడు పక్కకి దొర్లి చేత్తో ఊతమిచ్చి లేవడం.

ఇంకోటి, ఇది ఎవరూ చెప్పలేదు, నాకు నేనే కనిపెట్టుకున్నా. ఇదివరకు మధ్యలో లేవక్కర్లేకుండా పొద్దున్నే ఆరేడు బాబిన్లు దారం చుట్టి పెట్టుకునేదాన్ని. ఇప్పుడు ఒక్కటే చుడతా, దారం రీళ్ళ డబ్బా తీసుకెళ్ళి అవతలి గదిలో అలమరాలో పెట్టా. బాబిన్ అయిపోయిందంటే లేవాలి, అక్కడిదాకా నడవాలి, నడుం మీద చేతులు పెట్టుకుని నాలుగుసార్లు వెనక్కి వంగి, దారం చుట్టుకుని వచ్చి కూర్చుంటా.